ప్రమాద వార్తలో బిల్డర్ పేరు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

చెన్నై శివార్లలో పరంజా మీద నుంచి పడి, క్రేన్ తగిలి, కరెంటు షాక్ కొట్టి మన జిల్లాల కూలీలు చనిపోయిన వార్తలు మీ పత్రికలో తరచూ చూస్తుంటాం. మృతుడి ఊరు, మండలం, పిల్లలెంతమంది, ఇంట్లో వాళ్లు ఎలా కుమిలిపోతున్నారు, అన్నీ ఉంటాయి. ఏ సైటులో పడ్డాడు, ఆ కట్టడం ఏ కంపెనీది, పనికి పెట్టుకున్న కాంట్రాక్టర్ ఎవరు, రోజు కూలి ఎంత అన్నవి మాత్రం ఉండవు. పరిహారం కేసుకు కావలసినవి సరిగ్గా ఆ నాలుగు సంగతులే. ఆరు నెలల తర్వాత భార్య కార్మిక శాఖ ఆఫీసుకు వెళితే మొదట అడిగేది వాటినే. అప్పటికి సైటు పని అయిపోయి ఉంటుంది, మేస్త్రీ ఫోన్ నంబర్ మారి ఉంటుంది.

2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాకంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు ఆ బిల్డర్ పేరు దేశమంతా తెలిసింది. ఆ శిథిలాల కింద శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరుగా చనిపోయే వాళ్ల విషయంలో ఆ వెలుగు పడదు. అందుకే ఈ లేఖ. చెన్నైలో పనిచేసే తెలుగు కార్మికుడికి, ఊళ్లో ఉన్న అతని కుటుంబానికి అక్కరకొచ్చే వివరాలు ఇందులో ఉన్నాయి. కొంచెం పెద్దదైనా కోయకుండా వేయమని మనవి.

ముందు చట్టం సంగతి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ఇన్నాళ్లూ దీనికి ఆధారం. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టమే వర్తిస్తుంది. ఈ లేఖలోని సెక్షన్లు, అంకెలు పాత చట్టానివి. కొత్త కోడ్ కూడా జీతంలో ఒక భాగాన్ని వయసు గుణకంతో, అంటే వయసును బట్టి చట్టం పట్టికలో ఇచ్చిన అంకెతో, హెచ్చించే పద్ధతినే ఉంచింది. కనీస మొత్తాలను, వడ్డీ రేటును కేంద్రం ప్రకటిస్తుంది కాబట్టి కొత్త కేసుల్లో వాటిని సరిచూసుకోవాలి. పరిహార కేసులు విని తేల్చే అధికారిని ఇదివరకు కమిషనర్ అనేవారు, ఆయన్నే కొత్త కోడ్ కాంపిటెంట్ అథారిటీ అంటుంది.

చనిపోతే నెల జీతంలో సగాన్ని వయసు గుణకంతో హెచ్చిస్తారు. శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైతే సగానికి బదులు 60 శాతం. 30 ఏళ్ల వాడికి గుణకం 207.98, 40 ఏళ్లకు 184.17, 50 ఏళ్లకు 153.09. జీతం ఎంతున్నా 2020 జనవరి 3 నుంచి లెక్కకు తీసుకునే గరిష్ఠం నెలకు 15,000 రూపాయలు. సెంట్రింగ్ పనివాడికి రోజుకు 900 చొప్పున నెలకు 26 రోజుల కూలి 23,400 వచ్చినా లెక్క 15,000 మీదే. అలా 30 ఏళ్ల వాడు చనిపోతే 7,500ను 207.98తో హెచ్చించి 15,59,850 రూపాయలు. అదే వాడు నడుము విరిగి మంచాన పడితే 18,71,820. ఇది దానం కాదు, చట్టం కట్టిన లెక్క. శవాన్ని అంబులెన్సులో ఊరికి పంపిస్తూ రెండు మూడు లక్షలు చేతిలో పెట్టి 'మావాళ్లు బాగా చూసుకున్నారు' అనిపించుకునే కాంట్రాక్టర్లకు ఈ అంకె తెలుసు. తెలియనిది ఎదుటివాళ్లకే.

నెలలోపు చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ పడుతుంది. పై ఉదాహరణలో అది ఏడాదికి 1,87,182 రూపాయలు. కారణం లేకుండా ఎగ్గొట్టాడని తేలితే అసలులో 50 శాతం దాకా జరిమానా కూడా వేయవచ్చు. అది అడగకపోతే రాదు. దరఖాస్తులో రాయాలి. యజమాని కొంతవరకే బాధ్యత ఒప్పుకున్నా, ఒప్పుకున్నంత మేరకు వెంటనే తాత్కాలికంగా చెల్లించాల్సిందే.

ఇక అసలు సమస్య. చాలా కేసులు వాదనల్లో ఓడిపోవు. మొదటి గంటలోనే, ఆసుపత్రి క్యాజువాలిటీ బల్ల దగ్గరే ఓడిపోతాయి. చెన్నై ప్రభుత్వ ఆసుపత్రుల్లో గాయంతో ఎవరు వచ్చినా డ్యూటీ డాక్టర్ యాక్సిడెంట్ రిజిస్టర్‌లో నమోదు చేస్తారు. దాని నకలునే ఇక్కడ అందరూ ఏఆర్ కాపీ అంటారు. గాయం ఎక్కడ, ఎలా, ఎన్ని గంటలకు తగిలిందని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటారు. చెప్పేది ఎవరు? కార్మికుడు స్పృహలో ఉండడు, లేదా తమిళం రాదు. తీసుకొచ్చింది మేస్త్రీ లేదా సైటు సూపర్‌వైజర్. పోలీసు కేసు, సైటు ఆగిపోవడం అన్న భయంతో 'ఇంటి మెట్ల మీద జారి పడ్డాడు' అనో 'బండి మీద నుంచి పడ్డాడు' అనో చెబుతారు. ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు ఇది మరీ ఎక్కువ. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని రెండేళ్ల తర్వాత యజమానికి పాలసీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు 'ఇది పనిలో జరిగిన ప్రమాదమే కాదు' అంటాడు. నిజం చెప్పే సాక్షులు నలుగురున్నా ఆ వాక్యం అడ్డుగోడలా నిలబడుతుంది.

కాబట్టి తోటి పనివాళ్లలో ఒకరు తప్పకుండా ఆసుపత్రికి వెంట వెళ్లాలి. డాక్టరుకు మూడు మాటలు చెప్పాలి: ఏ సైటు, ఏ పని చేస్తుండగా, ఎంత ఎత్తు నుంచి లేదా ఏ మిషన్ వల్ల. తమిళం రాకపోతే ఇంగ్లిష్ ముక్కల్లోనైనా 'సైట్, వర్క్, ఫాల్' అంటే చాలు. ఏఆర్ నంబరు అడిగి ఫోన్‌లో ఫోటో తీసుకోవాలి. తప్పుగా రాశారని తర్వాత తెలిస్తే దాన్ని కొట్టించడం కుదరదు. అయితే అదే వారంలో పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా నిజం చెప్పి రసీదు తీసుకుంటే, తప్పు ఎవరు చెప్పించారో కేసులో చూపించడానికి ఆధారం ఉంటుంది. ఆరు నెలల తర్వాత చెబితే కల్పించి చెప్పినట్టు అనుకుంటారు. డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రే, స్కాన్ ఫిల్ములు, మందుల బిల్లులు ఒక్కటీ పారేయకూడదు. చికిత్సకు అయిన అసలు ఖర్చును యజమాని తిరిగి ఇవ్వాలని 2009 సవరణ చెబుతోంది. యజమాని ఆసుపత్రి బిల్లు కట్టి ఉంటే ఆ డబ్బును పరిహారంలోంచి తగ్గించుకునే వీలు కూడా లేదు. 'ఆపరేషన్‌కు నాలుగు లక్షలు పెట్టాను, అదే నీ పరిహారం' అనే మాట చట్టం ముందు చెల్లదు.

పోలీసు ఫిర్యాదు దగ్గర ఇంకో చిక్కు. ఫిర్యాదు తమిళంలో రాస్తారు, రాయించేది చాలాసార్లు కాంట్రాక్టర్ మనిషే. ఊరి నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన అన్నో బావో మార్చురీ ముందు వేలిముద్ర వేస్తాడు. సంతకం చేసే ముందు ఫోటో తీసి తమిళం చదవగల తెలుగువాళ్లకు వాట్సాప్‌లో పంపి చదివించుకోవాలి. చెన్నైలో అలాంటి వాళ్లకు కొదవ లేదు. సైటు చిరునామా, బిల్డర్ కంపెనీ, కాంట్రాక్టర్, మేస్త్రీ పేర్లు, సేఫ్టీ బెల్టు ఇచ్చారా, వల కట్టారా అన్నవి అందులో ఉండాలి. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదిదారుకు ఉచితంగా ఇవ్వాల్సిందే. ఫ్యాక్టరీ అయితే తమిళనాడు పారిశ్రామిక భద్రత, ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ వచ్చి విచారణ చేస్తారు. ఆ నివేదిక నకలును సమాచార హక్కు దరఖాస్తుతో తీసుకోవచ్చు. యజమాని తరఫు వాదనను కూల్చడానికి అంతకు మించిన కాగితం అరుదు.

'ఇతను మా దగ్గర పనే చేయలేదు.' యజమాని వేసే మొదటి జవాబు దాదాపు ఎప్పుడూ ఇదే. హాజరు పుస్తకం వాళ్ల దగ్గరే ఉంటుంది, దాన్ని చూపించరు. అందుకే మన చేతిలో ఉండేవి దాచుకోవాలి: మేస్త్రీ ఫోన్‌పేలో పంపిన కూలి, సైటు వాట్సాప్ గ్రూపులో ఫోటోలు, గేటు పాసు, కంపెనీ పేరున్న హెల్మెట్, చొక్కా, వారం వారం అడ్వాన్సు రాసిన చిట్టీ. ఫోన్ పగిలినా సిమ్ పారేయకుండా ఫోన్‌పే చరిత్రను మళ్లీ తీయించాలి. జీతం లెక్కలో ఓవర్‌టైమ్ కలుస్తుంది, యజమాని ఉచితంగా ఇచ్చిన గది విలువా కలుస్తుంది. ప్రయాణ భత్యం, పీఎఫ్‌కు యజమాని వేసే వాటా కలవవు. పనిలో చేరి నెల కూడా కాకపోతే అదే పని చేసేవాడి కూలిని చూస్తారు. కాబట్టి 'మొన్ననే చేరాడు' అన్నది అడ్డు కాదు.

రాజీ కాగితాల గురించి గట్టిగా చెప్పాలి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద తమిళంలో 'ఇకపై ఏ హక్కూ లేదు' అని రాయించుకుంటారు. పరిహారం హక్కును వదులుకునే ఒప్పందం 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. మరణం విషయంలో మరింత కచ్చితం. పరిహారాన్ని కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలే తప్ప నేరుగా కుటుంబానికి ఇస్తే పరిహారం ఇచ్చినట్టే కాదు, 8వ సెక్షన్ మాట ఇది. మూడు నెలల జీతం మేరకు అడ్వాన్సుగా ఇచ్చింది మాత్రమే తర్వాత మినహాయించుకోవచ్చు. గాయపడిన కేసులో రాజీ కుదిరితే దాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాలి. చేయించకపోతే యజమాని మొత్తం పరిహారం ఇవ్వాలి, అప్పటికే ఇచ్చిన దానిలో సగానికి మించి తగ్గించుకోవడానికి కమిషనర్ అనుమతి కావాలి. కాబట్టి సంతకం పెట్టేశామని కుంగిపోయి కూర్చోవద్దు. పెట్టినా కేసు వేయవచ్చు. ఆ కాగితం నకలు మాత్రం అడిగి తెచ్చుకోండి. ప్రమాదం పనిలోనే జరిగిందని యజమాని ఒప్పుకున్నట్టు దానిలోనే ఉంటుంది.

ఈఎస్ఐ, అంటే కార్మికులకు చికిత్స, నగదు సాయం ఇచ్చే ప్రభుత్వ బీమా, ఉంటే దారి వేరు. పది మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట, నెల జీతం 21,000 రూపాయల దాకా ఉన్నవాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. జీతంలో 0.75 శాతం కార్మికుడిది, 3.25 శాతం యజమానిది. ఈఎస్ఐలో ఉన్నవాడు యజమాని మీద పరిహార కేసు వేయలేడు. ఇది తెలియక కమిషనర్ ఆఫీసులో ఏళ్లు తిరిగి కేసు కొట్టేయించుకున్న కుటుంబాలున్నాయి. అలాగని ఈఎస్ఐ తక్కువేం కాదు. పనిలో గాయానికి చేరిన మొదటి రోజు నుంచే అర్హత ఉంది, కొన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. కోలుకునే దాకా జీతంలో సుమారు 90 శాతం వస్తుంది. శాశ్వత వైకల్యం ఉంటే మెడికల్ బోర్డు చెప్పిన శాతం మేరకు జీవితాంతం నెలనెలా ఇస్తారు. మరణిస్తే ఆ 90 శాతంలో భార్యకు ఐదింట మూడు వంతులు, పిల్లలకు ఒక్కొక్కరికి ఐదింట రెండు వంతులు, అందరిదీ కలిపి పూర్తి మొత్తం దాటకుండా సర్దుతారు. చెన్నైలో కేకే నగర్, అయనావరం ఈఎస్ఐ ఆసుపత్రులు ఇందుకు తెలిసినవే.

మోసం జరిగేది చేరిన తేదీ దగ్గర. ఏడాదిగా పనిచేస్తున్నవాడికి ఈఎస్ఐ నంబరు తీయరు. ప్రమాదం జరిగిన సాయంత్రం ఆన్‌లైన్‌లో నమోదు చేసి అదే రోజు చేరినట్టు చూపిస్తారు. లేదా ప్రమాదం తర్వాతి తేదీ వేసేస్తారు, అప్పుడు ఈఎస్ఐ వాళ్లు కుదరదంటారు. పనిలో చేరిన పది రోజుల్లోపు నమోదు చేయాలన్నది నియమం. ప్రతి కార్మికుడూ తన పది అంకెల ఈఎస్ఐ నంబరు, చేరిన తేదీ పోర్టల్‌లో ఎలా ఉన్నాయో ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసుకోవాలి. పేస్లిప్‌లో ఈఎస్ఐ కోత కనిపిస్తూ నంబరు ఇవ్వని చోట బ్రాంచ్ ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. యజమాని చందా కట్టకపోయినా కార్మికుడికి ప్రయోజనం ఇచ్చి, ఆ డబ్బును యజమాని నుంచి వసూలు చేసుకునే అధికారం ఈఎస్ఐ కార్పొరేషన్‌కు ఉంది. ప్రమాదం జరిగితే యజమాని ప్రమాద నివేదికను ఆలస్యం చేయకుండా పంపాలి. పంపకపోతే మనమే బ్రాంచికి తెలియజేయాలి.

ఇప్పుడు వైకల్యం శాతం. ఇది అందరూ తడబడే చోటు, లాయర్లతో సహా. చట్టం వెనుక ఉన్న జాబితాలో కొన్ని గాయాలకు శాతం ముందే ఉంది. చేతి బొటనవేలు పోతే 30, చూపుడువేలు మొత్తం పోతే 14, ఒక చేతికి నాలుగు వేళ్లూ పోతే 50, మణికట్టు దాకా చెయ్యి పోతే 60, రెండో కన్ను బాగుండి ఒక కన్ను పోతే 40. అంబత్తూర్ పారిశ్రామిక వాడలో, లోహపు రేకులను నొక్కి భాగాలు చేసే ప్రెస్ షాపుల్లో ఎక్కువగా చూసేవి వేళ్లే. 25 ఏళ్ల ఆపరేటర్‌కు గుణకం 216.91. 15,000 జీతం లెక్కన పూర్తి వైకల్యానికి 19,52,190, అందులో బొటనవేలికి 30 శాతం అంటే 5,85,657 రూపాయలు. ఫ్యాక్టరీ హెచ్ఆర్ యాభై వేలు చూపించి 'లైట్ వర్క్ ఇస్తాం' అన్నప్పుడు ఈ అంకెను మనసులో పెట్టుకోవాలి.

జాబితాలో లేని గాయాలకు, అంటే మడమ ఎముక చితకడం, వెన్నుపూస నలగడం, భుజం పైకి లేవకపోవడం లాంటి వాటికి, డాక్టర్ సంపాదన శక్తి ఎంత తగ్గిందో చెప్పాలి. ఇక్కడే తేడా. ప్రభుత్వ వికలాంగ ధ్రువపత్రంలో ఉండేది శరీర వైకల్యం శాతం. పరిహారానికి కావలసింది సంపాదన నష్టం శాతం. మడమ విరిగినవాడికి శరీర వైకల్యం 15 శాతమని రాయవచ్చు. బల్ల దగ్గర కూర్చుని పనిచేసేవాడికి అది నిజమే కావచ్చు. పరంజా ఎక్కి రాడ్లు కట్టేవాడు మళ్లీ ఎక్కలేడు. 30 ఏళ్ల వాడికి 15 శాతమైతే 2,80,773 రూపాయలు, 50 శాతమైతే 9,35,910. ఆరున్నర లక్షల తేడా డాక్టర్ రాసే ఒక్క వాక్యంలో ఉంటుంది. అందుకే డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు నొప్పి గురించి మాత్రమే చెప్పి రాకూడదు. ఏ పని చేసేవాడివి, ఎంత బరువు మోసేవాడివి, ఎన్ని గంటలు నిలబడేవాడివి, ఇప్పుడు ఏది చేయలేకపోతున్నావు, ఇవి చెప్పి సర్టిఫికెట్‌లో రాయించాలి. సాధారణంగా ఆ డాక్టర్ కమిషనర్ ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాల్సి ఉంటుంది, కాబట్టి వచ్చి చెప్పగల డాక్టర్‌నే చూసుకోవాలి.

జాబితాలో శాతం ఉన్నా అదే చివరి మాట కాదు. ఒడిశాలోని జయపురంలో ఒక సినిమా హాల్ అలంకరణ పని చేస్తూ 1968లో వడ్రంగి ఒకరు పడిపోయారు, ఎడమ చేతిని మోచేతికి పైన తీసేయాల్సి వచ్చింది. ఒక్క చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అది పూర్తి వైకల్యమేనని కమిషనర్ అన్నారు. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసుగా పేరుపడిన ఆ తీర్పులో సుప్రీంకోర్టు కూడా సరేనంది. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ పడుతుందని చెప్పింది కూడా ఆ తీర్పే. ఈ ఒక్క తీర్పును చూపించకుండా ఎందరో తక్కువకు ఒప్పుకుంటున్నారు.

గాయం తగ్గి మళ్లీ పనికి వెళ్లగలిగేవాళ్లకు తాత్కాలిక పరిహారం ఉంది. ప్రతి పదిహేను రోజులకు నెల జీతంలో 25 శాతం. మూడు రోజుల్లో తగ్గిపోతే ఏమీ రాదు. 28 రోజులు గానీ అంతకు మించి గానీ పడితే మొదటి రోజు నుంచీ లెక్కగడతారు.

యజమానులు చెప్పే సాకులు మూడు. ఒకటి, 'బెల్టు పెట్టుకోలేదు, తప్పు వాడిదే.' ఈ చట్టంలో తప్పు ఎవరిదన్నది అసలు ప్రశ్నే కాదు. అజాగ్రత్త కారణంగా పరిహారం పోదు. భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరించాడనో, రక్షణ పరికరాన్ని కావాలని తీసేశాడనో యజమాని రుజువు చేస్తేనే పోతుంది. అది కూడా మరణం, శాశ్వత పూర్తి వైకల్యం కేసుల్లో వర్తించదు. ప్రెస్ మిషన్‌లో రెండు చేతుల బటన్లు ఒకేసారి నొక్కితేనే డై, అంటే పై అచ్చు, దిగేలా ఏర్పాటు ఉంటుంది. ఉత్పత్తి తగ్గుతోందని దాన్ని ఫుట్ పెడల్‌కు మార్పించేది సూపర్‌వైజరే. అలా మార్చమన్నది ఎవరో సాక్ష్యంలో రాబట్టాలి. రెండు, 'తాగి ఉన్నాడు.' రక్త పరీక్ష లేకుండా ఆ మాటకు విలువ లేదు, ఇదీ మరణం కేసులో చెల్లదు. మూడు, 'వాడు మా మనిషి కాదు, సబ్ కాంట్రాక్టర్ మనిషి.' దీనికి జవాబు 12వ సెక్షన్. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకు ఇచ్చిన కంపెనీ ఆ కార్మికులకు తన సొంత కార్మికులకు ఇచ్చినట్టే పరిహారం ఇవ్వాలి, తర్వాత కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవచ్చు. అందుకని దరఖాస్తులో బిల్డర్, కాంట్రాక్టర్, సబ్ కాంట్రాక్టర్, ఇన్సూరెన్స్ కంపెనీ అందరినీ ప్రతివాదులుగా పెట్టాలి. మేస్త్రీ ఒక్కడి మీదే వేస్తే గెలిచినా వసూలు కాదు, వాడూ మనలాంటి కూలివాడే. సొంత ఇల్లు కట్టించుకునే గృహస్థుకు ఈ 12వ సెక్షన్ అంత సులభంగా అంటదు, ఎందుకంటే కట్టడం అతని వ్యాపారం కాదు. అక్కడ కాంట్రాక్టర్‌నే పట్టుకోవాలి.

చెన్నైలో ప్రమాదం జరిగితే చెన్నైలోనే కేసు వేయాలని అందరూ అనుకుంటారు, భాష రాక, చార్జీలు పెట్టుకోలేక మానేస్తారు. అవసరం లేదు. 21వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన చోటు, దరఖాస్తుదారు నివసించే చోటు, యజమాని రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న చోటు, ఈ మూడింటిలో ఎక్కడైనా వేయవచ్చు. శ్రీకాకుళం జిల్లాలో ఉండే భార్య తన జిల్లా కార్మిక శాఖ అధికారి దగ్గరే తెలుగులో కేసు నడిపించుకోవచ్చు. ప్రమాదం జరిగిన నాటి నుంచి, మరణం అయితే మరణించిన నాటి నుంచి, రెండేళ్లలోపు వేయాలి. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉంది కానీ దాని మీద ఆధారపడవద్దు. చదువు రానివాళ్లు కోరితే దరఖాస్తును కమిషనర్ ఆఫీసే తయారు చేయించాలని 22వ సెక్షన్‌లో ఉంది. లాయరు కావాలంటే 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయ పరిమితి లేదు.

కొన్ని ప్రత్యేక సందర్భాలు చెప్పి వదిలేస్తాను. మాధవరం, రెడ్‌హిల్స్ వైపు లారీల మీద పనిచేసే డ్రైవర్లు, క్లీనర్లకు మోటారు ప్రమాద ట్రిబ్యునల్, పరిహార చట్టం రెండూ తెరిచే ఉంటాయి, ఎంచుకోవాల్సింది మాత్రం ఒక్కటే. ఎదుటి బండిది తప్పైతే ట్రిబ్యునల్ మేలు, అక్కడ 15,000 పరిమితి లేదు. డ్రైవర్ తనే చెట్టును గుద్దితే పరిహార చట్టమే దారి. డ్యూటీకి వెళ్తూ దారిలో చనిపోయినవాళ్ల కుటుంబాలు కూడా అడగవచ్చు. తెల్లవారుజామున 3 గంటల డ్యూటీకి బయల్దేరిన చక్కెర మిల్లు వాచ్‌మన్ కేసులో, ప్రయాణానికీ ఉద్యోగానికీ సంబంధం కనబడితే పరిహారం ఇవ్వాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక చెన్నై పారిశుద్ధ్య పనిలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలకు: మురుగు కాలువలో, సెప్టిక్ ట్యాంకులో దిగి చనిపోతే 30 లక్షలు, శాశ్వత వైకల్యం వస్తే 20 లక్షలు, ఇతర వైకల్యానికి కనీసం 10 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. కాంట్రాక్టర్ మనిషి అన్న మాట అక్కడ అసలు పనికిరాదు.

మీ పత్రికను అడగడానికి కారణం ఇదీ. ఏ కార్మికుడైనా ప్రమాదంలో చనిపోయాడని ఎవరి ద్వారా తెలిసినా సరే, కమిషనర్ ఆ యజమానికి నోటీసు పంపి, 30 రోజుల్లో వివరణ ఇవ్వమని అడగవచ్చు. 10-ఏ సెక్షన్‌లో ఉన్న మాట 'ఏ మూలం నుంచైనా' అని. సర్పంచ్ ఉత్తరం సరిపోతుంది, మీ వార్త కత్తిరింపు కూడా సరిపోతుంది. ఆ వార్తలో యజమాని ఎవరో లేకపోతే నోటీసు ఎవరికి పంపాలి? మీ చెన్నై విలేకరి ఎఫ్ఐఆర్ చూసి సైటు చిరునామా, కంపెనీ, కాంట్రాక్టర్, మృతుడి వయసు, కూలి ఈ ఐదూ రాస్తే, ఆ కత్తిరింపే కుటుంబం చేతిలో మొదటి కాగితం అవుతుంది.

ప్రభుత్వాలకు ఒక మాట. పనిలో చేర్చుకునేటప్పుడే పరిహార హక్కుల గురించి కార్మికుడికి రాతపూర్వకంగా, ఎలక్ట్రానిక్‌గా తెలియజేయాలని 2017లో 17-ఏ సెక్షన్ చేర్చారు. తెలియజేయకపోతే 50,000 నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా. కానీ ఏ భాషలో? ఇంగ్లిష్, హిందీ, లేదా పని జరిగే ప్రాంతపు అధికార భాషలో, కార్మికుడికి అర్థమయ్యేలా అని ఉంది. చెన్నై సైటులో తమిళ బోర్డు పెట్టి కాంట్రాక్టర్ తన పని అయిపోయిందనుకుంటాడు. ఆ మూడూ చదవలేని మన కూలీకి ఆ బోర్డు గోడతో సమానం. కొత్త కోడ్ కింద నియమాలు రాసేటప్పుడు 'కార్మికుడి మాతృభాషలో' అన్న మాట చేర్చాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కార్మిక శాఖలు కేంద్రానికి, తమిళనాడుకు రాతపూర్వకంగా అడగాలి. అడగడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. అది జరిగేలోపు రెండు శాఖలూ ఒకే ఒక పేజీ తెలుగులో అచ్చువేసి, వలస ఎక్కువగా ఉన్న మండలాల్లో గ్రామ సచివాలయాల ద్వారా, పంచాయతీల ద్వారా పంచవచ్చు. ఏఆర్ కాపీలో ఏం రాయించాలి, స్టాంపు కాగితం మీద సంతకం ఎందుకు చెల్లదు, సొంత జిల్లాలో కేసు ఎలా వేయాలి, 15100. ఇంతే ఆ పేజీ.

ఇట్లు,
కార్మిక పరిహార కేసులు చూసే ఒక న్యాయవాది,
చెన్నై.